అడవి సర్కారుది, కార్చిచ్చుకు జవాబుదారి యెవరు?

కార్చిచ్చు రేగినప్పుడెల్ల మొదట వినవచ్చు మాట "ఎవడో పసులకాపరి చుట్ట పాఱవైచెను" అనునది. ఇది కొంతవఱకు నిజమే. మనదేశమున అడవులకు పట్టు చిచ్చులలో అత్యధికభాగము మానవుల చేతలవలననే కలుగుచున్నది. అడవియంచున కొయ్యకాళ్లు తగులబెట్టి గాలివాటము చూడని రైతు నిర్దోషి యని యెవరును చెప్పజాలరు. అయినను నిప్పురవ్వ యొకటి కొండనంతయు కాల్చవలెనన్న దానికి మేత దొరకవలెను. ఆ మేత నేలరాలిన యెండుటాకు. వేసవికి ముందే దానిని ఊడ్చి, చిచ్చు దాటకుండ ఫైరు లైనులు తీయించు భారము భూమి యెవరిదో వారిది. రిజర్వు అడవి ప్రభుత్వముది.

1927వ సంవత్సరపు అటవీచట్టము 79వ సెక్షనులో, అడవియందు హక్కులనుభవించువారు పిలిచినను పిలువకున్నను చిచ్చునార్పుటకు పోవలెననియు, తగిన కారణము లేక పోనివారికి నెల ఖైదుగాని, 200 రూపాయల జుల్మానాగాని, రెండునుగాని విధింపవచ్చుననియు వ్రాసిరి. ఫైరు లైను తీయింపని యధికారికి మాత్రమా చట్టములో అట్టి శిక్ష వ్రాయలేదు.

దీని ఫలము హిమాలయప్రాంతమున స్పష్టముగా కానవచ్చును. కుమావూను కొండలలోని అడవులను 1911 మొదలు 1917 వఱకు బ్రిటిషు ప్రభుత్వము రిజర్వు చేసి, ప్రజల పచ్చికను, వంటచెఱకును కట్టడిచేసెను. 1921లో ప్రజలు సరళవృక్షముల యడవులకు నిప్పుపెట్టిరి. విచారణసంఘము కూర్చొని, కొన్ని యడవులపై కట్టడులను సడలించెను. 1931లో వన పంచాయతులకు నిబంధనలేర్పడెను. అడవిపై హక్కు లేనివాడు దానిని కాపాడ బూనడని ప్రభుత్వము నేర్చుకొనుటకు పదేండ్లు పట్టినది.

ఆ కొండలు నేడు ఉత్తరాఖండ రాష్ట్రములోనివి. సరళవృక్షముల సూదులవంటి యాకు, పిరూల్ అనునది, రాలి పరుపువలె పేరుకొనును. బంకగలదగుటచే చుఱ్ఱున అంటుకొనును. 2024 వేసవిలో అచ్చట చిచ్చులు చెలరేగగా, అటవీసిబ్బందిని ఎన్నికల పనికి ఏల పంపితిరని మే నెలలో సుప్రీంకోర్టు ప్రశ్నించి, రాష్ట్ర ప్రధాన కార్యదర్శిని హాజరుకమ్మనెను. ఖాళీ యుద్యోగములను, ఖర్చుకాని నిధులను గూర్చియు అడిగెను. మఱుసటి నెల, జూను 13న, అల్మోరా జిల్లా బిన్సర్ అభయారణ్యమున మంటల నార్పబోయిన సిబ్బందిలో నలుగురు అక్కడికక్కడనే దగ్ధులైరి. అటుపిమ్మట పై యధికారులను సస్పెండు చేసిరి. కాని లైనులు తీయవలసిన మాసములలో వారిని లెక్కయడిగినదెవరు?

డబ్బు లేదందురా? అడవిభూమిని ఇతర పనులకు తీసికొన్నవారు చెల్లించు పరిహారపు నిధి యొకటి కలదు. చిచ్చుల నివారణకును దానిని వాడవచ్చునని 2018 నాటి నిబంధనలు చెప్పుచున్నవి. ఉత్తరాఖండములో 2019 మొదలు 2022 వఱకు ఈ నిధినుండి 13.86 కోట్ల రూపాయలు ఇతర పనులకు మఱలింపబడెననియు, ఐఫోనులు, లాప్‌టాపులు, రిఫ్రిజిరేటర్లు కొన్నారనియు ఆడిటరు జనరలు నివేదిక 2025 ఫిబ్రవరిలో బయటపెట్టెను. రిఫ్రిజిరేటరులో మంచు తయారగును గాని, దానితో కొండ చల్లారదు గదా!

మన శేషాచలమునను 2014 మార్చిలో చిచ్చు తిరుమల చేరువకు రాగా వాయుసేన హెలికాప్టర్లు నీళ్లు చల్లవలసివచ్చెను. కావున అడవియంచు గ్రామములలోని సభ్యులు డిసెంబరులోనే, 2005 నాటి సమాచారహక్కు చట్టము క్రింద, తమ రేంజి కార్యాలయమునకు దరఖాస్తు పెట్టుట మంచిది. ఈ యేడు ఎన్ని మైళ్ల ఫైరు లైనులు, ఏ తేదీలోపల తీయింతురు? కావలివాండ్రెందఱు, వారికి కూలి యెన్నడు ముట్టును? మంజూరైనదెంత, నిరుడు ఖర్చైనదెంత? ముప్పదిదినములలో జవాబీయవలెను. ఆ జవాబును గ్రామసభలో చదివి, ఫిబ్రవరిలో నలుగురు సభ్యులు లైనులవెంట నడచి, కాగితములోని మైళ్లు నేలపై నున్నవో లేవో కొలిచి చూడవలెను. అడవి సర్వే శాఖ ఉపగ్రహములద్వారా కనిపెట్టి పంపు చిచ్చు హెచ్చరికలు సెల్‌ఫోనునకు రావలెనన్న ఎవరైనను పేరు నమోదు చేసికొనవచ్చును. సంఘపు గుమాస్తా ఆ పని చేసినచో, హెచ్చరిక వచ్చిన గంటయు, సిబ్బంది కొండకు చేరిన గంటయు సంఘపు పుస్తకములోనే వ్రాసి యుంచవచ్చును.