మ్రోతకు కొలత

బియ్యమునకు సోల, పాలకు గిద్దె, బిడ్డ జ్వరమునకు థర్మామీటరు గలవు. మన యింటిచుట్టు రేయింబవళ్లు మ్రోగు ధ్వనికి మాత్రము నిన్నమొన్నటి వఱకు గృహిణియొద్ద కొలత లేకుండెను. ఇప్పుడది చేతిలోని స్మార్టుఫోనునందే కలదు.

"అబ్బ, ఏమి రొద!" అని మనమందుము. "మాకట్లు తోచుట లేదే" అని యెదుటివారందురు. ఈ తగవు తీర్చుటకు చెవి చాలదు. అది రొదకు అలవాటుపడి యూరకుండును. హాని మాత్రము జరుగుచునే యుండును. లోపలిచెవియందు ధ్వనిని గ్రహించు సూక్ష్మమైన రోమకణములు అతిధ్వనిచే నశించినచో మనుష్యులకు మరల మొలవవు. చిన్ననాట అట్లు పోయిన వినికిడి పెద్దయినను తిరిగి రాదు.

ధ్వనిని డెసిబెల్లులలో కొలుతురు. ఆ పేరు టెలిఫోనును కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహం బెల్ గారిని బట్టి వచ్చినది. ఆయన బధిరులకు చదువు చెప్పిన గురువు. ఆయన తల్లికిని, భార్యకును వినికిడి లేదు. ఈ లెక్క సోలల లెక్క వంటిది కాదు. 3 డెసిబెల్లులు పెరిగినచో ధ్వనిశక్తి రెండింతలగును, 10 పెరిగినచో పదింతలగును. అమెరికా దేశమున కార్మికుల యారోగ్యమును విచారించు నియాష్ అను సంస్థ 85 డెసిబెల్లుల రొదలో దినమునకు 8 గంటలకు మించి యుండరాదనినది. 88 అయినచో 4 గంటలే. 100 అయినచో పావుగంటయే. ఇది పెద్దలకు చెప్పిన హద్దు. పసిచెవులకు మఱింత జాగ్రత్త వలయును.

ఆ సంస్థయే 2017లో ఐఫోనులకు ధ్వనిమాపకమగు యాప్‌ను ఉచితముగ నొసగినది. జర్మనీలోని ఆఖెన్ విశ్వవిద్యాలయమువారి ఫైఫాక్స్ అను యాప్ ఆండ్రాయిడు ఫోనులలోను పనిచేయును. ధ్వనిని విడదీసి, అందలి కంపనములు సెకనుకు ఎన్నియో గీతలుగ చూపును. వీథిలోని ట్రాన్స్‌ఫార్మరు హోరు 100 యొద్ద గీతగా నిలుచును. పంకా కీచుమన్నచో గీత యింకను పైకేగును. రొద యెందుండి వచ్చుచున్నదో దీనిచే కనిపెట్టవచ్చును.

కొలుచునపుడు మైకు రంధ్రమును వ్రేలితో మూయరాదు. దానిపై పంకాగాలి తగులరాదు. ఒక్క క్షణపు అంకెను గాక, కొన్ని నిమిషముల సగటును వ్రాసికొనవలయును. మైకు తప్ప మన ఫొటోలను, పరిచితుల నంబర్లను అడుగు యాప్‌ను దరిజేరనీయరాదు. మా యింట పచ్చడి రుబ్బుచుండగా మిక్సీకి మూరెడు దూరమున 85 దాటినది. తలుపు మూసి ప్రక్కగదిలో కొలువగా 60కి దిగినది. అది మొదలు పిల్లలు చదువుకొనువేళ వంటింటి తలుపు మూయుచున్నాము.

ఇంటి మ్రోత మన చేతిలోనిది. వీథి మ్రోతకు చట్టము కలదు. మన దేశమున 2000లో వెలువడిన నియమముల ప్రకారము నివాసప్రదేశములలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్లులు హద్దు. ఆసుపత్రులు, పాఠశాలల చుట్టు నిశ్శబ్దమండలముగ ప్రకటించినచోట పగలు 50, రాత్రి 40. రాత్రి 10 గంటలు మొదలు ఉదయము 6 వఱకు బయట లౌడుస్పీకర్లు మ్రోగింపరాదు. కొన్ని పండుగదినములకు మాత్రము ప్రభుత్వము అర్ధరాత్రి వఱకు సడలింపవచ్చును. రొద హద్దునకు 10 డెసిబెల్లులు మించినచో అధికారులకు ఫిర్యాదు చేయు హక్కు ప్రతివారికిని కలదు.

ఫోను చూపు అంకె న్యాయస్థానమునకు చాలిన సాక్ష్యము కాదు. ఒక్కొక్క ఫోను ఒక్కొక్క తీరున చూపును. మిక్కిలి పెద్ద మ్రోతను తక్కువగా చూపుటయు కలదు. అయినను మాటాడుటకు అది చాలును. మూడు రాత్రులు గంటగంటకు కొలిచి కాగితముపై వ్రాసి, ఇరుగుపొరుగు తల్లులను వెంటబెట్టుకొని పందిరివారియొద్దకు పొండు. భక్తికి మనమడ్డు గామని ముందుగా చెప్పి, లౌడుస్పీకరు మూతిని ఇండ్లవైపునుండి త్రిప్పుడని, కొంత దూరముగ పెట్టుడని అడుగుడు. బయలులో దూరము రెండింతలైనచో సుమారు 6 డెసిబెల్లులు తగ్గును. పరీక్షకు చదువు పిల్లవానికిని, పురిటిగదిలోని పసికందునకును, నిదురపట్టని ముసలి అత్తగారికిని ఆ యాఱు డెసిబెల్లులే యెంతో మేలు.