విత్తే అదను చెప్పే కంప్యూటరు

తొలకరికే విత్తేసి, ఆపై వాన ముఖం చాటేస్తే విత్తనం మట్టిపాలు. మళ్లీ విత్తాలంటే అప్పే గతి.

2016 ఖరీఫ్‌లో కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో 175 మంది వేరుశనగ రైతులకు ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్ సంస్థలు ఫోన్‌లో తెలుగు సందేశాలు పంపాయి. 30 ఏళ్ల వానల లెక్కలను కంప్యూటరు జల్లెడపట్టి విత్తే అదను చెప్పింది. జూన్ చివరి వారం దాకా ఆగినవారికి సగటున 30 శాతం ఎక్కువ దిగుబడి వచ్చిందని ఆ సంస్థలు తెలిపాయి.

2025 మే నుంచి వాతావరణ శాఖ సూపర్ కంప్యూటరుతో 6 కిలోమీటర్లకొక గడిగా వాన లెక్క కడుతోంది.

కశింకోట రైతు సోదరులారా! ఆ గడిలో మీ చేను ఒక్కటే ఉండదు. దేవనకొండ తేదీ మనకు నప్పదు. సూచన వినండి, అనకాపల్లి పరిశోధన స్థానంలో అడగండి. చేలో పదును చేత్తో చూసుకున్నాకే విత్తండి.