అంతర్జాల పాఠక్రమ నిర్మాణము

దూరముననున్న శిష్యునకు చదువు చెప్పుట క్రొత్త సంగతి కాదు. ఇంగ్లండు దేశమున 1840వ సంవత్సరమున పెన్నీ తపాలా యేర్పడగా, ఐజక్ పిట్‌మన్ అను నాతడు సంక్షిప్తలిపిని ఉత్తరముల మూలమున నేర్పుచుండెను. శిష్యులు వ్రాసి పంపుదురు. ఆయన దిద్ది మరల వారికి పంపును. మన దేశమున ఢిల్లీ విశ్వవిద్యాలయము 1962లో తపాలా పాఠములను ప్రారంభించెను. 1975-76 సంవత్సరములలో ఉపగ్రహము ద్వారా ఆరు రాష్ట్రములందలి సుమారు 2,400 గ్రామములకు టెలివిజను పాఠములు ప్రసారమయ్యెను. ఆంధ్రప్రదేశ్ గ్రామములును వానిలో నుండెను. 1982లో హైదరాబాదున నెలకొల్పబడిన సార్వత్రిక విశ్వవిద్యాలయము మన దేశమున నట్టివానిలో మొదటిది. దానికి 1991లో డాక్టర్ బి. ఆర్. అంబేద్కర్ పేరిడిరి.

కావున అంతర్జాలమున పాఠములు చెప్పువారు పాత బాటనే నడచుచున్నారు. సాధనము మారినది గాని చిక్కు మారలేదు. తరగతిలో నుపాధ్యాయుడు పిల్లవాని నొసలు ముడిపడుట చూచి, అడుగకయే లెక్కను మరల చెప్పును. సెల్‌ఫోను తెరయందు పాఠము నడచునపుడు ఆ నొసలు ఆయనకు గానరావు. పాఠక్రమమును కట్టుట యనగా, కానరాని యా నొసలు ఎచ్చట ముడిపడునో ముందుగా నూహించి, అచ్చటికి తగిన మాటను సిద్ధపరచి యుంచుటయే.

పాఠము కట్టబూనినవారు మొట్టమొదట "ఏమేమి చెప్పుదము?" అని ఆలోచింతురు. అది తలక్రిందుల పద్ధతి. విగ్గిన్స్, మెక్‌టై అను నిద్దరు విద్యాశాస్త్రజ్ఞులు 1998లో ప్రకటించిన గ్రంథమున, ముందు చివరను నిర్ణయింపుడనియు, పిదప పరీక్షను, ఆ పిమ్మటనే పాఠమును వ్రాయుడనియు చెప్పిరి. ఒక యుదాహరణము చూతము. ఎనిమిదవ తరగతివారికి వడ్డీలెక్కలు నేర్పవలెను. "విద్యార్థి వడ్డీని గూర్చి తెలిసికొనును" అని వ్రాసికొన్నచో ఏమియు వ్రాయనట్లే. తెలిసికొనెనని యెట్లు తెలియును? "ప్రామిసరీ నోటును చదివి, రెండేండ్లకు చెల్లింపవలసిన మొత్తమెంతయో విద్యార్థి తానే లెక్కగట్టగలుగును" అని వ్రాసికొన్నచో పని స్పష్టమగును. ఇంటిలో తల్లి చేసిన అప్పునకు వడ్డీ సరిగా వేసిరో లేదో ఆ పిల్లయే చూడగలదు. ఇంతకంటె గొప్ప పరీక్ష యేమి కావలెను?

ఇక ప్రశ్న. పదివేల రూపాయలు, నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ, రెండు సంవత్సరములు, బారువడ్డీ యెంత? సరియైన జవాబు 4,800. పెక్కు పాఠక్రమములలో జవాబు తప్పైనచో "తప్పు, మరల ప్రయత్నింపుము" అని మాత్రమే తెరపై కనబడును. అది బెత్తము చూపుటయే గాని బోధించుట కాదు. బాలుడు 400 అని వ్రాసినాడనుకొనుడు. అతనికి గుణకారము వచ్చును. నెలవడ్డీని సంవత్సరపు వడ్డీగా భావించినాడు, అంతియే. వానికి "ఈ రెండు రూపాయలు ఏడాదికా, నెలకా? నోటును మరల చదువుము" అని చెప్పవలెను. 5,376 అని వ్రాసినవాడు ఏటేట వడ్డీని అసలులో కలిపి చక్రవడ్డీ వేసినాడు. వానికి చెప్పవలసినది వేరు. సరియైన జవాబు నొక్కదానిని సిద్ధపరచుట సులభము. ఒక్కొక్క తప్పునకు వెనుకనున్న ఆలోచనను పట్టుకొనుట కష్టము. అందుకు తరగతిలో పలుమారు చెప్పిన అనుభవము కావలెను. ఈ పనిని యంత్రము నెరిగినవారికి మాత్రమే యప్పగించి ఉపాధ్యాయుని దూరముంచుట తగదని నా యభిప్రాయము.

వీడియో పాఠముల నిడివిని గూర్చి అందరును వాదింతురు. 2014లో ఫిలిప్ గువో మొదలగువారు ఎడెక్స్ అను సంస్థయొక్క నాలుగు పాఠక్రమములలో విద్యార్థులు వీడియోలు చూచిన 69 లక్షల సందర్భములను పరిశీలించిరి. వీడియో ఎంత దీర్ఘమైనదైనను, విద్యార్థులు చూచిన మధ్యస్థకాలము ఆరు నిమిషములకు మించలేదు. తరగతిలో చెప్పిన గంట ఉపన్యాసమునే పటము పట్టి, తరువాత ముక్కలుగా కోసినదానికంటె, మొదటినుండి చిన్న పాఠముగా యోచించి చేసినదానిని విద్యార్థు లెక్కువగా చూచిరి. చెరకును కణుపుకణుపునకు నరికినట్లు పాఠమును నరుకరాదు. ఒక్కొక్క భాగమున కొక భావము ఉండవలెను.

చూచుట నేర్చుట కాదు. రోడిగర్, కార్పికీ అను మనశ్శాస్త్రజ్ఞులు 2006లో ప్రకటించిన పరిశోధన మీ సంగతిని చక్కగా తెలుపును. కొందరు విద్యార్థు లొక వ్యాసమును రెండుమారులు చదివిరి. మరికొందరు ఒకమారు చదివి, పుస్తకము మూసి, జ్ఞప్తికి వచ్చినంత వ్రాసిరి. అయిదు నిమిషముల పిమ్మట రెండుమారులు చదివినవారిదే పైచేయి. వారము గడచిన పిమ్మట వారికి నూటికి 42 పాళ్లు మాత్రమే జ్ఞాపకముండెను. మూసి వ్రాసినవారికి 56 పాళ్లు మిగిలెను. కావున ప్రతి చిన్న పాఠము వెనుకను ఒకటి రెండు ప్రశ్న లుండవలెను. వారమైన పిదప ఆ ప్రశ్నలే వేరు రూపమున మరల రావలెను. మన తాతలు ఎక్కములను ప్రతిసాయంకాలమును అప్పగించుకొనుటయు నిట్టిదే.

ఇంతయు చేసినను, చేరినవారు తుదివరకు నిలుతురా? అమెరికాలోని ఎం.ఐ.టి. 2012లో విద్యుద్వలయములను గూర్చి యొక పాఠక్రమమును ఉచితముగా నడపగా, సుమారు 1,55,000 మంది పేర్లు నమోదు చేయించుకొనిరి. ధ్రువపత్రమును పొందినవారు 7,157 మంది. వచ్చినవారందరును పరీక్ష వ్రాయదలచి రాలేదు. కొందరు కేవలము తొంగిచూచి పోయిరి. ఐనను మధ్యలో దారి తప్పినవారును కలరు. తరగతిలో ఖాళీ బల్ల కనబడిన నుపాధ్యాయుడు అడుగును. ఇచ్చట అడుగువా రెవ్వరు? ఎవరు వారము దినములు రాలేదో చూచి, యంత్రము వ్రాసిన హెచ్చరికను గాక, పేరు పెట్టి పిలిచి పలుకరించు మనుష్యుడొక డుండవలెను. వాని జీతమును పాఠక్రమపు ఖర్చులో మొదటనే చేర్చవలెను. పెక్కుమంది దీనిని మరతురు.

తుదకు సాధనముల సంగతి. 2017-18లో జరిగిన జాతీయ నమూనా పరిశీలనలో, మన దేశపు గ్రామీణ కుటుంబములలో అంతర్జాల సౌకర్యము నూటికి సుమారు 15 ఇండ్లకు, పట్టణములలో 42 ఇండ్లకు మాత్రమే యుండెను. 2020లో మహమ్మారివలన పాఠశాలలు మూతపడినపుడు ఈ భేదము పిల్లల చదువుపై పడెను. తెలంగాణమున సెప్టెంబరు 1 మొదలు టి-శాట్, దూరదర్శన్ యాదగిరి ప్రసారముల ద్వారా పాఠములు చెప్పుటకు ఇదియు నొక కారణమే. ఫోను లేని ఇంటను టెలివిజను ఉండవచ్చును. తరువాత ఫోనులు పెరిగినవి. కాని ఇంటికి ఫోను కలదనిన పిల్లకు ఫోను కలదని యర్థము కాదు. అది తండ్రితో పొలమునకు బోయి సాయంకాలమున తిరిగివచ్చును. వచ్చిన పిదప అన్న, చెల్లెలు ఇద్దరును దానికై వేచియుందురు. ఉదయము పది గంటలకు తప్పక హాజరు కావలెనను పాఠము ఆ చెల్లెలికి మూసిన తలుపే. కావున పాఠమును వీలైనపుడు దింపుకొని, అంతర్జాలము లేకయే చూచుకొను సౌకర్య ముండవలెను. ప్రతి వీడియోకును అక్షరరూప మొకటి ప్రక్కన నుండవలెను. ఈ యక్షరరూపము చెవులు వినబడనివారికిని, డేటా చాలనివారికిని సమానముగా నుపకరించును.

పాఠక్రమమును లోకమునకు విడుచుటకు ముందు ఒక విద్యార్థిని పిలిచి, వారి ఇంటిలో నుండునంతటి చవుక ఫోనును చేతికిచ్చి, మొదటి పాఠమును తెరువుమని చెప్పవలెను. నిర్మించినవారు ప్రక్కన కూర్చుండవచ్చును గాని నోరు మెదపరాదు. పిల్ల యెక్కడ ఆగునో, ఏ మీట నొక్కుటకు సందేహించునో, ఏ మాటను రెండుమారులు చదువునో కాగితముపై వ్రాసికొని, ఆ చోటులనన్నిటిని దిద్ది, మరునాడు మరియొక విద్యార్థిని పిలువవలెను.