బ్యాంకు అంటే ఏ ఒడ్డు?

‘బ్యాంకు’ అనే ఇంగ్లీషు మాటకు అర్థం చెప్పమని హైస్కూలు విద్యార్థిని అడిగితే రెండు సమాధానాలు వస్తవి. డబ్బు దాచుకొనే చోటు అని ఒకటి, నది ఒడ్డు అని మరొకటి. రెండూ సరియైనవే, పరీక్షలో మార్కులకు అంతమాత్రం చాలును. కాని తోట్లవల్లూరు వంటి కృష్ణ ఒడ్డు గ్రామంలో పాఠం చెప్పే ఉపాధ్యాయునికి అది చాలదు. అక్కడి పిల్లవానికి ఒడ్డు వేరు, గట్టు వేరు, కట్ట వేరు, తిన్నె వేరు. ఈ నాలుగింటినీ ఒక్క ఇంగ్లీషు మాటలో పోసి కలిపివేస్తే, ఆ పిల్లవాడు ఇంగ్లీషు నేర్చుకొన్నంతమేరకు తన తెలుగును పోగొట్టుకొన్నవాడవుతాడు.

ముందుగా డబ్బు సంగతి తేల్చివేద్దాం. ధనాగారమనే అర్థంలో బ్యాంకు అన్న మాట ఇటలీ దేశంలో నాణెములు మార్చే వర్తకుల బల్లనుండి వచ్చినది. నది గట్టును చెప్పే బ్యాంకుకూ, ఆ బల్లకూ దూరాన ఒకే జర్మానిక్ మూలమున్నదని భాషావేత్తలంటారు. రెండింటిలోనూ ఎత్తుగా నిలిచినది అనే భావమే ఉన్నది. ఈ సీమవారికి ఈ బ్యాంకు పరాయిది కాదు. డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1923లో ఆంధ్రా బ్యాంకును స్థాపించినది బందరులోనే. 2020లో అది యూనియన్ బ్యాంకులో విలీనమైనది. మాటను తెలుగు చేయకుండానే బందరువారు దానిని తమది చేసుకొన్నారు.

ఇంగ్లీషులో నీటి అంచును చెప్పే మాటలు పెక్కు. నదికి, కాలువకు ఉండేది బ్యాంకు. సముద్రానికి, పెద్ద సరస్సుకు ఉండేది షోర్. కోస్టు అన్నప్పుడు చూపు నీటిమీద కాక భూమిమీద ఉంటుంది. దేశానికి సముద్రమే పొలిమేరయైనచోట అది కోస్టు. అల తడిపే ఇసుక మేర బీచి. కనుక బందరు కోస్టున ఉన్నది, మంగినపూడిలో బీచి ఉన్నది, తోట్లవల్లూరు బ్యాంకున ఉన్నది. ఒక్క జిల్లాలోనే మూడు మాటలకూ ఉదాహరణలు దొరకగా, పాఠ్యపుస్తకంలోని థేమ్సు నదిదాకా పోవలసిన పని ఏమున్నది?

వీటన్నిటికీ మనం సామాన్యంగా ‘తీరము’ అనే వేస్తాము. సంస్కృతంలో మాటలు లేక కాదు. అమరసింహుడు కూలము, రోధస్సు, తీరము, ప్రతీరము, తటము అని ఐదు పర్యాయపదములు ఇచ్చాడు. వీటిలో రోధస్సు చక్కని మాట. రోధించేది, అనగా నీటిని అడ్డగించేది అని దాని భావం. అంతకన్న చక్కనివి పారము, అవారము. నదికి అవతలి ఒడ్డు పారము, ఇవతలి ఒడ్డు అవారము. రెండూ కలిసి పారావారమై సముద్రానికి పేరైనవి. చదువులో పారంగతుడంటే ఆవలి ఒడ్డుకు చేరినవాడే. ఇంజనీర్లు మరొక విధంగా చెబుతారు: ప్రవాహం పోయేవైపు ముఖం పెట్టి నిలిస్తే ఎడమచేతివైపుది ఎడమ ఒడ్డు. ఆ లెక్కన తోట్లవల్లూరు కృష్ణకు ఎడమ ఒడ్డున ఉన్నది. కాని ఊరివారెవరూ అలా అనరు; ఇవతల, అవతల అనే అంటారు. ఎరిగి అన్నా, ఎరుగక అన్నా అది అమరసింహుని పద్ధతియే.

ఇక అచ్చతెనుగు మాటలకు వద్దాం. నీరు ఆగినచోట నేల మొదలైతే అది ఒడ్డు. నీరు తగ్గితే ఒడ్డు లోపలికి జరుగుతుంది, పెరిగితే వెనుకకు వస్తుంది. గట్టు జరగదు, అది ఎత్తైన మట్టి. పక్కన నీరు లేకపోయినా గట్టు గట్టే. పొలం గట్టుకోసం అన్నదమ్ములు కోర్టులకెక్కడం మనమెరుగనిది కాదు. కట్ట మనిషి చేతి పని. కట్టు అనే క్రియ అందులోనే వినబడుతున్నది. ఏటికి ఒడ్డు తనంతట ఏర్పడుతుంది, కట్ట మాత్రం ఎవరో కట్టవలెను. దరి అనేది నీటిలో ఉన్నవాని మాట; ఈదేవానికి కనబడే ఒడ్డే దరి. తిన్నె నడిఏట తేలే ఇసుక. జాతీయాలు చూడండి. అప్పులనుండి బయటపడినవాడు గట్టెక్కుతాడు, పని ముగించుకొన్నవాడు ఒడ్డున పడతాడు, దిక్కులేనివాడు దరి కానక తిరుగుతాడు. ఒకదాని స్థానంలో మరొకటి పెడితే చెవికి సరిపడదు.

ఇంగ్లీషువారికి కూడ బ్యాంకు అన్న ఒక్క మాట ఇక్కడ చాలలేదు. పారసీకంనుండి ‘బండ్’ తీసుకొన్నారు. దక్షిణదేశపు ‘ఆనకట్ట’ను ‘ఆనికట్’ చేసి తమ నిఘంటువులకెక్కించారు. బెజవాడవద్ద కృష్ణకు 1855లో పూర్తయిన ఆనకట్టను ఆ పేరుతోనే వ్రాసుకొన్నారు. అది 1952లో తెగగా, దానిబదులు కట్టిన ప్రకాశం బ్యారేజి 1957లో పూర్తయినది.

ఇదంతా నిఘంటువుల ముచ్చటగా తోచవచ్చును. కాని కరకట్ట అన్న మాటవద్ద ముచ్చట ముగిసి ప్రాణావసరం మొదలవుతుంది. నది ఒడ్డుకూ కరకట్టకూ నడుమ అరటి, పసుపు, కంద పండే లంక భూములున్నవి, ఊళ్లున్నవి. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజినుండి 11 లక్షల క్యూసెక్కులకు మించిన నీరు దిగువకు వచ్చినప్పుడు లంకలు మునిగినవి. ‘నది తన బ్యాంకులు దాటినది’ అని అర్థమిచ్చే ఇంగ్లీషు వాక్యానికి ‘నది ఒడ్డు దాటినది’ అన్నది సరియైన తెలుగు. ‘కరకట్ట దాటినది’ అని వ్రాస్తే కట్టకు ఇవతల ఉన్న ఊరు ఊరంతా మూటలు కట్టవలసివస్తుంది. ఒడ్డు దాటడం పెద్ద వరద వచ్చినప్పుడెల్ల లంకవాసులెరిగిన కష్టమే. కట్టకు గండి పడడం వేరు విపత్తు. అదే వరదరోజులలో బుడమేరు కట్టకు గండ్లు పడి విజయవాడలో సింగునగర్ ప్రాంతమెలా మునిగినదో లోకమంతా చూచినది.

తీరము అనే మాటతోనూ ఇట్టి చిక్కే ఉన్నది. ‘తుఫాను తీరం దాటినది’ అని రేడియోలో విన్న పసివాడు గండం గడిచిందనుకొంటాడు. దాటడమంటే అవతలికి పోవడమని అతడు నేర్చుకొన్నాడు గనుక. తుఫాను దాటడం సముద్రంనుండి మనమీదికి. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినది ఆ దాటే వేళనే. ‘తీరాన్ని తాకినది’ అనడమే మేలని నా మతం. ఉపాధ్యాయులు తరగతిలో ఈ ఒక్క వాక్యాన్ని విడమరచి చెప్పినా చాలును.

మరొక మాట మిగిలిపోయినది, గడ్డ. ఆపదనుండి బయటపడినవాడు గడ్డన పడ్డాడని అంటాము. పులిగడ్డవద్ద కృష్ణ చీలి, రెండు పాయలుగా దివిసీమను చుట్టుకొని సముద్రానికి పోతుంది. ఆ చీలికవద్దనే ఒకటి పులిగడ్డ, ఒకటి అవనిగడ్డ. నీటినడుమ నిలిచిన ఆ రెండు ఊళ్ల పేర్లలోను గడ్డ ఉన్నది. దానికి ఇంగ్లీషు ఏమని చెప్పవలెనో విద్యార్థులనే అడిగి చూడండి.