వెలువడని ఆట – నిలిచిన విద్య

వీడియో ఆటలో బొమ్మ ముందునకు పరుగెత్తుచుండగా, దాని వెనుకనున్న చెట్టు, గుట్ట, మబ్బు వెనుకకు జరిగిపోవుచుండును. నేడు ఇది సామాన్య దృశ్యము. 1990 నాటి కంప్యూటరుపై దీనిని సాధించుట దుర్ఘటము. ఆ చిక్కును విప్పిన నమూనా ఆట ఒకటి అంగడికి రానేలేదు. దాని వృత్తాంతమును శ్రోతలకు మనవి చేయుచున్నాము.

జపానుకు చెందిన నింటెండో సంస్థ ‘సూపర్ మారియో బ్రదర్స్ 3’ అను ఆటను 1988లో స్వదేశమునందును, 1990లో అమెరికాలోను వెలువరించెను. మారియో అను పాత్ర దిమ్మెలపైకి ఎగురుచు, గోతులు దాటుచు సాగిపోవుటయే ఆట. నింటెండో యంత్రము ఇట్టి ఆటలకొరకే నిర్మితమైనది. కార్యాలయములలో వాడు కంప్యూటరు అట్టిది కాదు. దృశ్యము జరిగినప్పుడెల్ల తెరనంతయు మరల గీయవలసి వచ్చుటచే, ఆట కుదుపులతో నడచెడిది.

1990 సెప్టెంబరులో, అమెరికాలోని ష్రీవ్‌పోర్టు నగరమున సాఫ్ట్‌డిస్క్ సంస్థలో పనిచేయుచున్న జాన్ కార్మాక్ అను యువకుడు ఒక ఉపాయమును కనిపెట్టెను. ఆటలోని దృశ్యము చిన్న చిన్న గళ్ళ కూర్పు. ఆకాశము జరిగినను, నీలపు గడి ఉన్నచోటికి మరియొక నీలపు గడియే వచ్చును. మారని దానిని మరల గీయనేల? ముగ్గు ఒకచోట చెరిగినచో ఇల్లాలు వాకిలి అంతయు కడుగదు గదా! చెరిగినచోటనే దిద్దును.

కార్మాక్, టామ్ హాల్ అను మిత్రునితో కలిసి, ఒక్క రాత్రిలో మారియో ఆట తొలి ఘట్టమును కంప్యూటరుపై నిర్మించెను. మారియోకు బదులు, సహోద్యోగి జాన్ రొమేరో సృష్టించిన ‘డేంజరస్ డేవ్’ పాత్రను అందు నిలిపిరి. మరునాడు రొమేరో దానిని చూచి, దాని విలువను వెంటనే గ్రహించెను. పిమ్మట మిత్రులు మారియో పాత్రతోనే నమూనాను సిద్ధపరచి నింటెండోకు పంపిరి. సంస్థ వారి నేర్పును మెచ్చెను గాని, తన ఆటలు ఇతర కంప్యూటర్లపైకి పోవుటకు సమ్మతింపలేదు.

మారియో పరుల సొత్తు. గళ్ళను దిద్దు విద్య తమది. ఈ భేదము నెరిగి, వారు ‘కమాండర్ కీన్’ అను స్వంత ఆటను నిర్మించిరి. అది ఆ యేటనే డిసెంబరు 14న వెలువడెను. 1991లో వారు నెలకొల్పిన ఇడ్ సాఫ్ట్‌వేర్ సంస్థనుండియే 1993లో ప్రసిద్ధమైన ‘డూమ్’ ఆట వచ్చెను.

ఇక ఆ నమూనా సంగతి. 2015లో రొమేరో దాని వీడియోను లోకమునకు చూపెను. 2021లో, ఫ్లాపీ డిస్కుపైనున్న ప్రతి యొకటి న్యూయార్కు రాష్ట్రములోని రోచెస్టరు నగరమందలి స్ట్రాంగ్ మ్యూజియమునకు చేరెను. ఫ్లాపీలోని అయస్కాంతపు గుర్తులు కాలక్రమమున క్షీణించును. చెదలు తిన్న తాటాకు గ్రంథమువలె చదువరాకుండ పోవును. అంగడికి వచ్చిన ఆట వేలకొలది ఇండ్లలో నిలుచును. రానిది ఏ ఒకరిద్దరి పెట్టెలలోనో మాత్రమే మిగులును.

మన యిండ్లలోని పాత టేపులను, డిస్కులను పారవేయుటకు ముందు, వానిలో ఏమున్నదో ఒకసారి చూడుడని మా మనవి.