ఇంటి గూట్లో పిల్లల గ్రంథాలయం

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల: పిల్లలు బువ్వలాట ఆడతారు, దుకాణం ఆట ఆడతారు, బడి ఆట ఆడతారు. గ్రంథాలయం ఆట ఆడే పిల్లలు మాత్రం అరుదు. పిల్లలు కళ్ళతో చూసినదాన్నే ఆడతారు. కోరుట్ల, జగిత్యాల వాడల్లో అమ్మ ఒడిలో చాట పెట్టుకొని బీడీలు చుట్టడం చూస్తారు. సిరిసిల్లలో నాన్న సాంచెల దగ్గర నిలబడటం చూస్తారు. చాలా ఇళ్ళలో బడి పుస్తకం తప్ప మరో పుస్తకం కనిపించదు.

ఈ ఆటకు పెద్ద ఖర్చేమీ లేదు. గోడలో ఒక గూడు గానీ, ఖాళీ అట్టపెట్టె గానీ చాలు. నిరుటి వాచకాలు, పాత బాలల పత్రికలు, పంచాంగం, ఆదివారం అనుబంధాలు కలిపి పది, పదిహేను పోగవుతాయి. చిరిగినవాటిని మైదా జిగురుతో అతికించి, పాత క్యాలెండరు కాగితంతో అట్ట వేయాలి. పురుగు పట్టకుండా ఎండిన వేపాకు వేయవచ్చు.

ప్రతి పుస్తకానికి ఒక నంబరు వేయాలి. కథలకు ఎర్ర గీత, పాటలకు పచ్చ గీత గీస్తే అక్షరాలు రాని చిన్నవాడూ పుస్తకాన్ని దాని చోట పెట్టగలడు. పాత పెండ్లి పత్రికలను కత్తిరిస్తే సభ్యత్వ కార్డులవుతాయి. ఒక నోటుబుక్కులో తేదీ, పుస్తకం నంబరు, తీసుకున్నవారి పేరు రాయాలి. ఈ లెక్క మన పిల్లలకు కొత్త కాదు. ఇచ్చిన ఆకు, తంబాకు, తిరిగి అప్పగించిన బీడీలు అమ్మ బుక్కులో ఎక్కడం వారు చూస్తూనే ఉంటారు.

గడువు ఏడు రోజులు. ఆలస్యమైతే జుర్మానా పైసలు కాదు, ఒక కథ చెప్పాలి. గ్రంథపాలకుని పని వారానికొకరు చేయాలి. ఆడపిల్లల వంతు తప్పించరాదు. పెద్దలు కూడా కార్డు తీసుకోవాలి. చదువురాని తల్లి పుస్తకం తీసుకొని బిడ్డతో చదివించుకోవచ్చు. ఆమె విన్నా ఆ పుస్తకం చదివినట్టే లెక్క.

నిజాం కాలంలో బడుల్లో ఉర్దూదే పెత్తనం. తెలుగు చదువుకు అప్పట్లో గ్రంథాలయాలే ఆసరా అయినాయి. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం, 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం వెలిశాయి. 1935లో మాడపాటి హనుమంతరావు అధ్యక్షతన ఆంధ్ర మహాసభ సిరిసిల్లలోనే జరిగింది. గ్రంథాలయాలు పెట్టించడం ఆ సభ చేపట్టిన పనుల్లో ఒకటి. మరి ఆ ఊరి పిల్లలు పుస్తకానికి దూరం కావడం తగునా?

ఇంట్లో ఆట కుదిరిన తరువాత పిల్లలను పట్టణంలోని శాఖా గ్రంథాలయానికి తీసుకుపోవాలి. కార్డు, గడువు, వరుస ఇంట్లోనే తెలిసిన పిల్లలు అక్కడ బెదరరు. ఇంటి పన్నుతోపాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను ప్రజలే కడుతున్నారు. కనుక అక్కడి పుస్తకం ఎవరి దయా కాదు, మన సొమ్మే. తగినన్ని పిల్లల పుస్తకాలు లేకుంటే అడిగే హక్కు కూడా ఉంది.

ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. అప్పటిదాకా ఆగనక్కరలేదు. ఈ ఆదివారమే గూడు దులిపి మొదటి పుస్తకానికి ఒకటో నంబరు వేయవచ్చు.