మీకు తెలుసా? ధ్యానానికి మైదానమూ చాలు!

• లక్ష మంది ఒకేసారి ధ్యానం చేయగల మందిరం షాద్‌నగర్ దగ్గరి కన్హా శాంతివనంలో ఉంది. 2020 జనవరిలో ప్రారంభమైంది. 2016లో జిల్లాలు విడిపోయేదాకా కన్హా గ్రామం పాలమూరు (మహబూబ్‌నగర్) జిల్లాదే.

• నల్లగొండలో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం 2007లో, మహబూబ్‌నగర్‌లో పాలమూరు విశ్వవిద్యాలయం 2008లో ఏర్పడ్డాయి. ధ్యానానికి పెద్ద మందిరమే అక్కర్లేదు; ఈ విశ్వవిద్యాలయాల విద్యార్థులకు వ్యాయామం, ధ్యానం రెండూ ఒకే మైదానంలో సాధ్యమే.

• పెద్దలు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం చేయాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. వడివడి నడకా లెక్కలోకి వస్తుంది.

చేసి చూడండి: పరుగు ఆపి, కాసేపు నడిచి, కూర్చోండి. మణికట్టు మీద రెండు వేళ్లుంచి శ్వాసను నెమ్మదిగా వదలండి. ఊపిరి వదిలేటప్పుడు నాడి కాస్త నెమ్మదిస్తుంది. దాన్నే గమనించండి. పరీక్షల రోజుల్లోనూ ఈ సాధన మానకండి.